హికరీ చెట్టు కింద హద్దురాయి

వర్జీనియాలో ఒక పాత పారిష్‌కి ఉత్తరపు హద్దు ఎక్కడుందో నాకు తెలుసు. మ్యాపు చూసి తెలుసుకున్నది కాదు. ఆ హద్దురాయి దగ్గర ఇద్దరు మగవాళ్ళు నన్ను చేతులూ కాళ్ళూ పట్టుకుని ఎత్తి, రాయికేసి కొట్టారు. అప్పుడు నాకు తొమ్మిదేళ్ళు. చుట్టూ నిలబడ్డవాళ్ళు చప్పట్లు కొట్టారు. మా నాన్న అందరికంటే గట్టిగా కొట్టాడు. మా మామ్మ మాత్రం చేతులు కదపలేదు. "అట్టా తడిమితే ఏం గుర్తుంటది? గట్టిగా ఎయ్యమను," అని అమ్మతో అంది.

మామ్మ అంటే నాన్నని కన్న తల్లి. ఆవిడకి నేనంటే ప్రేమ లేదని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. ఉంది. కాకపోతే అది గిల్లే రకం ప్రేమ. ఏది నేర్పినా చేతి కండ లోపలివైపు, మెత్తగా ఉండే చోట, రెండు వేళ్ళతో పట్టుకుని తిప్పుతూ నేర్పేది. అక్షరాలూ అలాగే నేర్చుకున్నాను, ప్రార్థనలూ అలాగే నేర్చుకున్నాను. ఇప్పటికీ ప్రార్థన మొదలుపెడితే ఆ చోట సలుపుతుంది.

మేం డెబ్బైల చివర్లో వర్జీనియాలో హెర్న్‌డన్ అనే ఊరి దగ్గరికి వచ్చాం. అమ్మ నర్సు. వీసా ఆవిడ పేరు మీద వచ్చింది. నాన్న ఆవిడ వెనకాల వచ్చాడు. ఆ సంగతి ఎవరైనా ఎత్తితే ఆ పూట అన్నం సరిగా తినేవాడు కాదు. మామ్మ మరుసటి ఏడు వచ్చింది. చెల్లి ఇక్కడే పుట్టింది. నాన్న ఒక చిన్న ఇల్లు కొన్నాడు. ఇంటి వెనక చెక్క కంచె, కంచె అవతల ఎవరిదో బీడుపడ్డ పొలం, పొలం అంచున ఒక హికరీ చెట్టు ఉండేవి. దాని కాయలు రాలి మా పెరట్లో పడితే, మామ్మ ఏరి, రాయితో కొట్టి, లోపల ఏమీ లేదని తిట్టి పారేసేది.

ఇంటికి కొంచెం దూరంలో ఎర్ర ఇటుకల చర్చి ఉండేది. అమెరికా అనే దేశం పుట్టకముందు కట్టింది. పారిష్ అంటే మన వైపు పాస్టరేట్ లాంటిదే. ఒక చర్చి, దాని కింద ఇంత నేల అని చుట్టూ ఒక గీత. ఇంగ్లండ్ రాజుల కాలంలో ఆ గీతకి చాలా బలం ఉండేది. లోపల ఉన్నవాళ్ళు చర్చికి పన్ను కట్టాలి. ఆ పన్నూ పొగాకే, ఫాదర్‌గారి జీతమూ పొగాకే. లోపలి బీదవాళ్ళకి చర్చి పెద్దలు కూడు పెట్టాలి. బయటివాడు చచ్చినా వాళ్ళకి సంబంధం లేదు.

ఈ చరిత్రంతా మాకు చెప్పింది ఆ చర్చి హిస్టరీ కమిటీ పెద్ద, ఒక రిటైరైన టీచరమ్మ. తెల్ల జుట్టు, మెడలో ముత్యాలు, గొంతులో తేనె. ఆదివారం పొద్దున్న సర్వీసు అయ్యాక మమ్మల్ని పట్టుకుని వదిలేది కాదు. పారిష్ చరిత్ర మీద, దాని హద్దుల మీద ఆవిడ ఒక చిన్న పుస్తకం రాస్తోంది. అందులోంచి ఒక కథ చెప్పింది ఒకరోజు. నెలలు నిండిన పనిపిల్ల ఒకతె, మొగుడు లేనిది, ఈ చర్చి మెట్ల మీద కూర్చుందట. బిడ్డ ఇక్కడ పుడితే దాన్ని పెంచే ఖర్చు పారిష్‌ది. అందుకని పెద్దలు ఆమెని బండెక్కించి, హద్దురాయి దాటించి, అవతల దించేసి వచ్చారట.

"ఎంత ముందుచూపు ఉన్న మనుషులో చూడండి," అని టీచరమ్మ నవ్వింది.

నేను తెలుగులో చెప్పాను. మామ్మ నవ్వలేదు. "బిడ్డేమయిందో అడగవే," అంది. అడిగాను. "ఆ సంగతి ఎవరూ రాసిపెట్టలేదు, డియర్," అంది టీచరమ్మ, ఇంకా నవ్వుతూనే.

మామ్మకి వర్జీనియా అన్న మాట ఇక్కడికి రాకముందే బాగా తెలుసు. గుంటూరు జిల్లాలో వయసంతా పొగాకు గ్రేడింగ్‌లో గడిపింది. పొగాకు మరకలు ఆవిడ వేళ్ళని ఎప్పుడూ వదల్లేదు. "వర్జీనియా అంటే ఆకు పేరనుకున్నానే. మడుసులుండే చోటని ఎవుడికి తెలుసు?" అనేది. ఫాదర్లకి పొగాకు జీతమని తెలిశాక, "అయితే మా రెక్కల మీద బతికినోళ్ళే అందరూ," అని తేల్చేసింది.

ఆవిడ పుట్టిన పల్లె ఊరికి పొలిమేర అవతల ఉండేది. మంచినీళ్ళకి, కూలికి, పెళ్ళిలో డప్పుకి ఊళ్ళోకి రావాలి, మళ్ళీ చీకటి పడేలోగా పొలిమేర దాటి వెళ్ళిపోవాలి. పల్లె అంతా క్రైస్తవులైనా గీత చెరిగిపోలేదు. ఊళ్ళో పై కులాల క్రైస్తవులకి గోడ కట్టిన సమాధుల తోట ఉండేది. పల్లె వాళ్ళని కాలువ గట్టు మీద పూడ్చేవారు. మా తాతని అక్కడే పూడ్చారు. మరుసటి ఏడు పక్క పొలం ఆసామి గట్టు చదును చేసి పొలంలో కలుపుకున్నాడు. తాత మీద మినుములు చల్లాడు. మామ్మ ఆ చేలోనే కూలికి వెళ్ళి ఆ మినుములే పీకింది. పీకక ఏం చేస్తుంది, పిల్లలకి గంజి కావాలి కదా.

ఇదంతా ఆవిడ ఏడుస్తూ చెప్పేది కాదు. పండ్లు కొరుకుతూ చెప్పేది. అందుకే ఆ ఇటుకల చర్చి పక్కన, రాతి గోడ లోపల, నిటారుగా నిలబడ్డ పాత సమాధి రాళ్ళు చూసినప్పుడు ఆవిడ కళ్ళు మారిపోవడం నాకు గుర్తుంది. గోడ చుట్టూ తిరిగింది. గోడ బయట, గడ్డిలో, పేరు లేని గుండ్రాళ్ళు కొన్ని ఉన్నాయి. అవేమిటని అడగమంది. "పాత రోజుల్లో సర్వెంట్స్," అంది టీచరమ్మ. బానిసలు అనే మాట ఆవిడ నోటికి రాలేదు. నేను పనివాళ్ళని చెప్పాను. మామ్మకి ఇంకేం చెప్పాల్సిన పని లేకపోయింది. "చూశావా, ఈళ్ళకీ పల్లె ఉంది," అంది.

తర్వాత గోడ లోపలి చోటు ఎవరికిస్తారని అడిగించింది. టీచరమ్మ ఓపిగ్గా చెప్పింది. చర్చిలో సభ్యులై ఉండాలి, పాత పారిష్ హద్దుల లోపల ఇల్లుండాలి, అంతే. "మీది లోపలే. మీ కంచె వెనక హికరీ కింద ఉన్నదే మా ఉత్తరపు హద్దురాయి. అంచు మీద ఉన్నారు కానీ, లోపల ఉన్నారు," అంది. మామ్మ ఆవిడ చెయ్యి పట్టుకుని కళ్ళకద్దుకుంది. ఆ రోజు ఇంటికొచ్చి పెరట్లోకి వెళ్ళి, కంచె పలకల మధ్యనుంచి ఆ రాయిని చూస్తూ చాలాసేపు నిలబడింది.

"పొలిమేర అవతల పుట్టా. అవతలే కాపురం చేశా. చచ్చాకయినా గీత లోపల పడుకుంటా. నా మీద మినుములు చల్లే మొగోడు ఎవుడో చూస్తా," అంది నాన్నతో. నాన్న సరేనన్నాడు. ఆయన అందరికీ సరేననేవాడు.

సరేననడం ఆయన ఉద్యోగం లాంటిది. ఆ చర్చి హాల్లోనే ఆదివారం మధ్యాహ్నాలు తెలుగు సర్వీసు జరిగేది. కోస్తా నుంచి వచ్చిన కుటుంబాలు ఎక్కడెక్కడి నుంచో కార్లేసుకుని వచ్చేవి. నాన్న దానికి సెక్రటరీ. ఆ సర్వీసులో ఒక ఆంటీ, పట్టుచీర, పెద్ద గొంతు, మొదటి రోజే మామ్మని ప్రేమగా పక్కన కూర్చోబెట్టుకుని, "మీ వాళ్ళ సమాధులు ఏ తోటలోనండీ?" అని అడిగింది. కులం అడక్కుండా కులం కనుక్కునే ప్రశ్న అది. మామ్మ తడుముకోకుండా, "కాలవ గట్టు మీదమ్మా, మినప చేలో," అంది. ఆ ఆంటీ తర్వాతి ఆదివారం నుంచి ముందు వరసలోకి మారింది. మేం వెనక వరసలోనే ఉన్నాం. దేవుడు ఇద్దరికీ ఒకే దూరంలో ఉంటాడని పాస్టర్‌గారు చెబుతుండేవారు.

ఇక నన్ను కొట్టిన సంగతి. వర్జీనియాలో పూర్వం నాలుగేళ్ళకోసారి చర్చి పెద్దలు మనుషుల్ని పంపి నేల హద్దులు నడిపించేవారట. గుర్తులు చెరిగిపోతే మళ్ళీ వేయించేవారు. ఇంగ్లండ్‌లో ఇంకో పద్ధతి కూడా ఉండేదట. చిన్నపిల్లల్ని వెంట తీసుకెళ్ళి ప్రతి హద్దురాయి దగ్గరా బెత్తంతో కొట్టడం, ఎత్తి రాయికేసి కొట్టడం. కాగితం కాలిపోవచ్చు, చెట్టు పడిపోవచ్చు, దెబ్బ తిన్న పిల్ల మాత్రం ముసలిదై చచ్చేవరకూ మర్చిపోదు. రేపు తగాదా వస్తే వచ్చి సాక్ష్యం చెబుతుంది. వర్జీనియాలో పిల్లల్ని అలా కొట్టారని రుజువేమీ లేదని టీచరమ్మే ఒప్పుకుంది. అయినా చూడముచ్చటగా ఉంటుందని రెండూ కలిపి, ఆ ఏడు శరదృతువులో హద్దుల నడక పెట్టారు.

కొట్టించుకోవడానికి ఒక పిల్ల కావాలి. పొద్దుటి సర్వీసులో ఫాదర్‌గారు అడిగితే తెల్ల తల్లిదండ్రులందరూ నవ్వుతూ తమ పిల్లల్ని దగ్గరికి లాక్కున్నారు. నాన్న చెయ్యెత్తాడు. చర్చి అంతా ఆయన వైపు తిరిగి మెచ్చుకుంది. అమ్మ నైట్ డ్యూటీ చేసి వచ్చి కునుకుతోంది, ఆవిడకి తెలిసేసరికి ఆలస్యమైంది. నన్ను ఎవరూ అడగలేదు.

మొదటి రాయి తూర్పున, పూర్వం పొగాకు పీపాలు దొర్లించుకుంటూ రేవుకి తీసుకెళ్ళిన బాట పక్కన. రెండోది దక్షిణాన, కూలిపోయిన మిల్లు దగ్గర. మూడోది పడమర, వాగు ఒంపులో. ప్రతిచోటా బెత్తంలాంటి విల్లో కొమ్మతో పిక్కల మీద రెండు తగిలించేవారు. తర్వాత వార్డెన్, అంటే చర్చి పెద్దల్లో ముఖ్యుడు, ఇళ్ళ స్థలాలు అమ్మే పెద్దమనిషి, నా చంకల కింద పట్టుకునేవాడు. ఇంకొకాయన కాళ్ళు పట్టుకునేవాడు. ఊపి, ముడ్డిపూస రాయికి తగిలేలా దించేవారు. వార్డెన్ దగ్గర పిప్పర్‌మెంట్ వాసన వచ్చేది. "రిమెంబర్!" అని అందరూ ఒక్కసారి అరిచేవారు. నాకు దెబ్బ కంటే ఆ నవ్వులు ఎక్కువ తగిలాయి. అత్త కొట్టినందుకు కాదు, తోడికోడలు నవ్వినందుకు ఏడ్చిందంటారే, అలా.

నాలుగోది మా ఇంటి వెనక హికరీ కింద రాయి. అప్పటికి నేను గింజుకోవడం మొదలుపెట్టాను. గింజుకుంటే వాళ్ళ పట్టు జారింది. నా మోచెయ్యి రాయి అంచుకి కొట్టుకుని చీలింది. రక్తం చూసి కొందరు అయ్యో అన్నారు. వార్డెన్ తన రుమాలు కట్టి, "ఇక ఈ రాయిని ఈ పిల్ల జన్మలో మర్చిపోదు," అన్నాడు. మళ్ళీ చప్పట్లు. అప్పుడు ఫాదర్‌గారు వాక్యం చదివాడు. పొరుగువాడి హద్దురాయిని జరిపినవాడు శాపానికి గురవుతాడని దాని అర్థం. అందరూ ఆమెన్ అన్నారు. వార్డెన్ ఆమెన్ నాకు ప్రత్యేకంగా వినపడింది, చెవి పక్కనే నిలబడ్డాడు కాబట్టి.

అమ్మ ఇంట్లో కుట్లు వేస్తూ నాన్నని తిట్టింది. అంత తిట్టడం నేను అంతకుముందు వినలేదు. మామ్మ మాత్రం పక్కన కూర్చుని నా చేతి కండ పట్టుకుంది. "హద్దులు చెప్పు," అంది. ఏడుస్తూ చెప్పాను. తూర్పున పీపాల బాట, దక్షిణాన మిల్లు, పడమర వాగు ఒంపు, ఉత్తరాన హికరీ కింద రాయి. "మనిల్లు యాడుంది?" లోపల. "ఇంకోసారి." ఆ రోజు నుంచి పడుకునే ముందు ప్రార్థన, దాని తర్వాత హద్దులు. తప్పు చెబితే గిల్లుడు, సరిగ్గా చెబితే చిన్న గిల్లుడు.

రెండేళ్ళు తిరక్కుండానే కంచె వెనక పొలం అమ్ముడైంది. డల్లెస్ ఎయిర్‌పోర్ట్ రోడ్డు పొడుగునా ఆఫీసులు లేస్తున్న రోజులవి. ఒక రోజు స్కూల్ నుంచి వచ్చేసరికి హికరీ లేదు, రాయి లేదు, ఎర్రమట్టి మాత్రం ఉంది. పసుపు రంగు బుల్‌డోజర్ ఒకటి మేత మేసిన ఆంబోతులా పడి ఉంది. మామ్మ పొద్దుటి నుంచీ కంచె దగ్గరే నిలబడి ఉందట. చెట్టు పడుతుంటే చూసిందట, రాయిని దొర్లించి లారీలో వేస్తుంటే అరిచిందట. ఆవిడ అరుపు తెలుగులో ఉంది, లారీవాడికి ఏం అర్థమవుతుంది.

హిస్టరీ కమిటీ కొత్త రాయి చేయించింది. నున్నటి గ్రానైట్, మీద సిలువ, చిన్న ఇత్తడి పలక. దాన్ని మా ఇంటి వెనక పెట్టలేదు, అక్కడ ఇప్పుడు ఆఫీసువాళ్ళ పార్కింగ్ లాట్. మా వీధి మొదట్లో, ఇంటికి దక్షిణంగా, ఫుట్‌పాత్ పక్కన పాతారు. "ఇక్కడైతే చూడ్డానికొచ్చినవాళ్ళు కార్ ఆపుకోవచ్చు," అంది టీచరమ్మ రిబ్బన్ కత్తిరించాక. నిమ్మరసం పోశారు. మామ్మ గ్లాసు ముట్టుకోలేదు.

"రాయి జరిగిందిరా," అంది నాన్నతో ఇంటికొచ్చాక. "మనం బయటపడ్డాం. ఎళ్ళి అడుగు."

"అది సింబాలిక్ అమ్మా. రాయే కదా. దానికోసం ఇష్యూ చేస్తామా?"

"రాయే కదా అంటావేందిరా? మీ నాయన మీద మినుములు మొలిచినప్పుడూ మట్టే కదా అన్నారు."

నాన్న టీవీ పెట్టుకున్నాడు. ఆవిడ నన్ను దగ్గరికి పిలిచి హద్దులు చెప్పించుకుంది. ఆ రోజు గిల్లలేదు.

నాకు పదమూడు నిండాయో లేదో, మామ్మకి కడుపులో గడ్డ అని తేలింది. అప్పటికే అది పాకేసింది. అమ్మ పనిచేసే హాస్పిటల్లోనే చేర్పించారు. నాన్నకి చర్చికి వెళ్ళక తప్పలేదు. గోడ లోపల చోటు అడగడానికి కమిటీ ముందుకి వెళ్తూ నన్ను కూడా తీసుకెళ్ళాడు. అమ్మ డ్యూటీలో ఉంది, ఒంటరిగా వెళ్ళే ధైర్యం ఆయనకి లేదు. పారిష్ హాల్లో పొడుగు బల్ల, కాఫీ, నిమ్మకాయ బిళ్ళలు. వార్డెన్, టీచరమ్మ, ఇంకో ముగ్గురు ఉన్నారు. అందరూ మామ్మ ఆరోగ్యం గురించి అడిగారు, బాధపడ్డారు. తర్వాత వార్డెన్ గొంతు సవరించుకున్నాడు. గోడ లోపల మిగిలింది కొద్ది చోటే. రూల్ ఎవరికైనా రూలే. మీ ఇల్లు హద్దురాయికి అవతల ఉంది కదా, అన్నాడు.

నాన్న తలూపాడు. ఆయన తలూపడం చూసి నాకు ఒళ్ళు మండింది.

"రాయి మా ఇంటి వెనక ఉండేది," అన్నాను. "మా ఇల్లు లోపలే. కొత్త రాయి మీరు పెట్టుకున్నది."

వార్డెన్ నవ్వాడు. "నీకెలా తెలుసు, స్వీట్‌హార్ట్?"

నేను చొక్కా చెయ్యి పైకి లాగి మోచెయ్యి చూపించాను. "మీరే నన్ను దానికేసి కొట్టారు. జన్మలో మర్చిపోదన్నారు. మర్చిపోలేదు."

ఒకాయన కిటికీలోంచి చూశాడు. టీచరమ్మ కాఫీలో చెంచా తిప్పింది. హికరీ కింద రాయి గురించి చెప్పింది ఆవిడే, మీది లోపలే అన్నది ఆవిడే. ఆవిడ వైపే చూశాను. ఆవిడ చెంచా తీసి రుమాలు మీద పెట్టి, మళ్ళీ కప్పులో వేసి తిప్పింది. పంచదార ఎప్పుడో కరిగిపోయి ఉంటుంది.

"అదంతా సరదాకి చేశాం," అన్నాడు వార్డెన్. "పాత ఆచారం ఎలా ఉండేదో ఆడి చూపించాం. దాన్ని సాక్ష్యం అనలేం కదా."

"సాక్ష్యం కోసమే కొడతారని మీరే చెప్పారు."

"కమిటీ రాయి ఎక్కడ పెడితే అదే హద్దు. తీర్మానం కూడా అయిపోయింది," అన్నాడు. గొంతులో కోపం ఏమీ లేదు. కోపం ఉన్నా బాగుండేదేమో, ఎదురు తిరగడానికి ఏదో ఒకటి దొరికేది.

నేను మళ్ళీ నోరు తెరిచాను. నాన్న బల్ల కింద నా మణికట్టు పట్టుకుని తెలుగులో, పెదాలు కదలకుండా, "నోరు ముయ్యి. హాల్ వాళ్ళది. రేపు సర్వీసు ఎక్కడ పెట్టుకుంటాం, నీ తలకాయ మీదా?" అన్నాడు. తర్వాత ఇంగ్లీషులో వాళ్ళందరికీ థాంక్స్ చెప్పాడు. వచ్చేటప్పుడు టీచరమ్మ నాకు నిమ్మకాయ బిళ్ళలు రుమాల్లో కట్టి ఇచ్చింది. కార్ ఎక్కే ముందు వాటిని సమాధుల గోడ బయట గుండ్రాళ్ళ దగ్గర పారేశాను. తర్వాత అనిపించింది, ఆ చోట కూడా చెత్త పారేసేది మాలాంటివాళ్ళేనని.

హాస్పిటల్లో నాన్న మామ్మ పక్కన కూర్చుని, "ఇచ్చారమ్మా. గోడ లోపలే, మంచి చోటు," అన్నాడు. అబద్ధం ఆడడం ఆయనకి బాగా వచ్చు, కన్నతల్లి దగ్గర మాత్రం చేతకాదు. మామ్మ ఆయన మొహం చూసి కళ్ళు నా వైపు తిప్పింది. చెయ్యి చాపింది. ఆ చేతికి ఎముకలే మిగిలాయి, పొగాకు మరక మాత్రం అలాగే ఉంది. నా చేతి కండ లోపలివైపు పట్టుకుంది.

"నువ్వు చెప్పవే. హద్దులు."

చెప్పాను. తూర్పున పీపాల బాట. దక్షిణాన మిల్లు. పడమర వాగు ఒంపు. ఉత్తరాన మన కంచె వెనక, హికరీ కింద రాయి.

"మనిల్లు?"

"లోపల."

నేను అబద్ధం చెప్పలేదు. మా ఇల్లు లోపలే ఉంది, అప్పుడూ ఇప్పుడూ. ఆవిడ వేళ్ళు వదులయ్యాయి. గిల్లుతుందని ఎదురు చూశాను, గిల్లలేదు. నాలుగు రోజుల తర్వాత, నేను స్కూల్లో లెక్కల క్లాసులో ఉన్నప్పుడు, పోయింది.

హైవే పక్కన మెమోరియల్ పార్క్ ఒకటి ఉంది. అక్కడ పూడ్చాం. పచ్చగా, తివాచీలా ఉంటుంది. నిలువు రాళ్ళు పెట్టనివ్వరు. నేలకి సమానంగా ఇత్తడి పలక ఒకటి పరుస్తారు. ఎందుకని నేను అడిగితే, చోట్లు అమ్మే కుర్రాడు మర్యాదగా చెప్పాడు, గడ్డి కోసే మెషీన్‌కి అడ్డం రాకుండా అని. సమాధుల మీదుగా నేరుగా తోలుకుంటూ పోవచ్చట, మెయింటెనెన్స్ తేలికట. నాన్న అన్నిటికీ తలూపాడు. నాకు మినుములు గుర్తొచ్చాయి. అక్కడే, అందరి ముందూ, పెద్దగా ఏడ్చాను. అందరూ మామ్మ మీద ప్రేమ అనుకున్నారు. ప్రేమ కూడా ఉంది, కానీ అంతకంటే కోపం ఎక్కువ.

టీచరమ్మ వచ్చింది, నల్ల టోపీ పెట్టుకుని. "మీ గ్రాండ్‌మదర్ మా పారిష్ చరిత్రలో భాగం," అంది నన్ను కౌగిలించుకుని. చచ్చినవాళ్ళ కళ్ళు చారెడు. పట్టుచీర ఆంటీ కూడా వచ్చింది. తర్వాత మా ఇంటికి పలావు తెచ్చి బల్ల మీద పెట్టింది. తను తినలేదు, ఇంటి దగ్గర తిని వచ్చానంది.

ఆ శరదృతువులోనే నాలుగేళ్ళూ తిరిగాయి. మళ్ళీ హద్దుల నడక. ఫాదర్‌గారు ఫోన్ చేశాడు. కిందటిసారి మీ పిల్ల ఎంత ధైర్యంగా చేసిందో అందరూ చెప్పుకుంటారు, ఈసారి చిన్నది చేస్తుందా అని అడిగాడు. మా ఇల్లు పారిష్‌కి బయట, మా పిల్ల మాత్రం పనికొస్తుంది. అమ్మ వద్దని అరిచింది. నాన్న అప్పటికే సరేననేశాడు.

చెల్లికి ఏడేళ్ళు. కొత్త గౌను వేసుకుంది. నాకు జరిగినట్టు దానికి జరగలేదు. ఈసారి ఇన్సూరెన్స్ భయమట, ప్రతి రాయి మీదా కుషన్ పెట్టారు. విల్లో కొమ్మకి రిబ్బన్ కట్టారు. కొత్త గ్రానైట్ రాయి దగ్గర వార్డెన్ దాన్ని పసిపాపలా ఎత్తి కుషన్ మీద కూర్చోబెట్టాడు. అది కిలకిలా నవ్వింది. అందరూ "రిమెంబర్!" అని అరిచారు. ఫాదర్‌గారు హద్దురాయి జరిపినవాడి శాపం చదివాడు, అదే వాక్యం. వార్డెన్ ఆమెన్ అన్నాడు. ఆకాశం ఏమీ విరిగి పడలేదు.

అందరూ డోనట్స్ దగ్గరికి వెళ్ళాక చెల్లి చెయ్యి పట్టుకుని ఇంటికి తీసుకొచ్చాను. పెరట్లోంచి, కంచెలో ఊడిన పలక సందులోంచి, అవతలికి తీసుకెళ్ళాను. సెలవు రోజు, పార్కింగ్ లాట్ ఖాళీగా ఉంది. హికరీ ఉన్నచోట దీపస్తంభం ఉంది, దాని కింద కాంక్రీటు దిమ్మ ఉంది.

"వై ఆర్ వీ హియర్, అక్కా?" అంది అది.

నేను దాని చంకల కింద చేతులు వేసి పైకెత్తాను. బరువుగానే ఉంది. దిమ్మ అంచుకేసి గట్టిగా దించాను. కుషన్ లేదు. అది కెవ్వుమంది. లేవబోతే, చేతి కండ లోపలివైపు, మెత్తగా ఉండే చోట, రెండు వేళ్ళతో పట్టుకుని తిప్పాను. ఎలా తిప్పాలో నాకు బాగా తెలుసు.

"అమ్మకి చెప్పేస్తా! ఐ హేట్ యూ!"

"చెప్పు. ముందు ఇది ఏంటో చెప్పు."

"ఐ డోంట్ నో!"

ఇంకొంచెం తిప్పాను. "ఇది హద్దు. అది కాదు, ఇది. మామ్మ రాయి ఇక్కడుండేది. ఏంటిది?"

"హద్దు," అంది, వెక్కుతూ. దాని నోట్లో ఆ మాట అమెరికా యాసలో వంకరగా వచ్చింది, ఫర్వాలేదు.

"మన ఇల్లు ఎటు?"

అది చీమిడి అంటిన చెయ్యి ఎత్తి కంచె వైపు చూపించింది. "లోపల."

"ఇంకోసారి చెప్పు."

చెప్పింది. అప్పుడు వదిలాను.